పన్నెండో మెట్టు దగ్గర

మిందేలో ఊళ్ళో గాలికి సెలవు రోజు లేదు.
రేవు మీంచి లేచి, రేకుల కప్పులు తట్టి
పిలవని పేరంటంలా ప్రతి పాటలోకీ దూరుతుంది.
అందుకే ఇల్దూ కొట్లో
జుల్మీరా మొదట అడిగింది ధర కాదు.
"ఇది గాలిని ఎంత వింటుంది?"

గాజుబల్ల మీద రెండు మైకులు.
ఒకటి నల్లది, పొత్రంలా బరువు,
నాలుగు వేల అయిదొందల ఎస్కూడోలు.
కింద పడేసినా పలుకుతుంది.
బెత్తెడు దూరంలోకి వస్తే తప్ప
ఎవరి మాటా పట్టించుకోదు.
రెండోది వెండి రంగు కండెన్సర్, తొమ్మిది వేలు.
నలభై ఎనిమిది వోల్టులు తాగందే చెవి తెరవదు.
తెరిచిందా,
పక్కింటి గిన్నె మూత కూడా దానికి సంగీతమే.

ఆమె సంచిలో పదకొండు వేలు,
చేపల బజారులో ఐసు పగలగొట్టిన వేళ్ళు
మూడు నెలలు దాచినవి.
రెండూ కొనడానికి చాలవు.
రేవులో కొత్త హోటలు వాళ్ళకేమో
మూడు పాటలు రికార్డు చేసి పంపాలి,
వింటే గాని శుక్రవారాలు ఇవ్వరట.
"శనివారం దాకా రెండూ పట్టుకెళ్ళు,
నీ చెవి చెప్పిందే బేరం" అన్నాడు ఇల్దూ.

గోడలకు చెవులుంటాయంటారు.
పరుపులు వేలాడదీసి వాటిని మూశారు.
న్యో బల్తజార్ గిటారు ఒళ్ళోకి తీసుకుని
రంధ్రానికి ఎదురుగా మైకు చూసి
"ఇక్కడేగా శబ్దం వచ్చేది" అన్నాడు.
వచ్చింది, ఖాళీ పీపా దొర్లినట్టు.
జరిపారు. వంతెన దగ్గర కీచుమంది.
జరిపారు. మెడా ఒళ్ళూ కలిసే చోట,
పన్నెండో మెట్టు ముందు, జానెడు దూరంలో
కొంచెం పక్కకి వంచితే
అప్పుడు తీగ తీగలా వినిపించింది.

నల్లదానిలో గిటారు బాగానే ఉంది,
ఎవాంద్రు కవాకిన్యు మాత్రం
దుప్పటి కప్పుకుని పాడినట్టుంది.
వెండిదానిలో గోరు తీగని వదిలే క్షణం,
ముసలాయన ముక్కుతో తీసే రాగం,
వాటి కింద, సన్నగా, ఆపకుండా
ఫ్రిజ్.

పీకేశారు.

ఆ రాత్రి మూడు పాటలూ ఒక్క దమ్ములో అయ్యాయి.
జాజా ఫిడేలు కమాను తిప్పుతుంటే
దాని వెంట్రుక తెగిన చప్పుడు కూడా
ముద్దుగా పడింది.
అందరూ రెండు సార్లు విన్నారు.
ఎవాంద్రు తన వాయింపు తనే నమ్మలేక
మూడోసారి కూడా విన్నాడు.
తెల్లవారి తలుపు తీస్తే గాని
ఎవరికీ గుర్తు రాలేదు,
ప్లగ్గు ఇంకా నేల మీదే ఉంది.

పద్నాలుగు కిలోల ట్యూనా.
సగం వీధంతా వేయించుకు తింది,
సగం పిల్లులకి.
జుల్మీరా పెన్సిలు తీసి
తొమ్మిది వేల కింద చేపల ధర రాసి, కూడి,
చాలాసేపు ఆ అంకె వైపే చూసింది.

శనివారం ఇల్దూ అడిగాడు, ఏది?
నల్లదాన్ని తన వైపు లాక్కుంది.
"వెండిది మంచిదే, అబద్ధం ఆడదు.
మా ఇంట్లో అంత నిజానికి చోటు లేదు."
మిగిలిన డబ్బుతో ఒక స్టాండు, పొడుగు తీగ,
గాలి కోసం ఒక నురుగు టోపీ.
ధర మీద యాభై తగ్గించమంది, తగ్గించాడు.

హోటలుకి పంపింది మాత్రం
ఆ రాత్రి పాటలే.
అప్పు తెచ్చుకున్న చెవితో విన్నవి.
దాని గురించి ఆమె కొంచెం సిగ్గుపడింది,
మరీ ఎక్కువ కాదు.

కబురింకా రాలేదు.
ఈలోగా న్యో బల్తజార్‌కి ఒక కొత్త అలవాటు.
మంగలి కొట్టు అరుగు మీద వాయిస్తున్నా
మోకాలు కాస్త పక్కకి తిప్పి
పన్నెండో మెట్టు ముందు
జానెడు చోటు ఖాళీగా ఉంచుతాడు.
ఎవరైనా అటు వచ్చి నిలబడితే
వాయించడం ఆపి, చేత్తో,
కొంచెం జరగమంటాడు.